ఏ ఏటి గొంతు కావాలి, అత్తయ్యా

రేడియో ఆఫీసు నేలమాళిగలో పాత టేపులు బాగుచేసే ఆవిడను అందరూ చెవులమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని, దిగివస్తున్నది పెద్ద ఇంజనీరో టీ తెచ్చే మనిషో చెప్పేది. ఏ మోటారైనా పాడవబోతుంటే అది మొరాయించకముందే లేచి దాని దగ్గరికి వెళ్ళేది. పై అంతస్తులో ఎవరో టేపు ముక్కలు అతికించి పంపితే విని, "ఇక్కడ బ్లేడు వంకరగా పెట్టారు" అనేది. ఇలాంటి మనిషికి కాస్త గర్వం ఉండదా అంటే, ఉంటుంది. కాస్తేమిటి, దండిగానే ఉండేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కాదు గానీ, నాలుగో కాలు చూపించాలంటే మాత్రం ఎదుటివాళ్ళు చాలా కష్టపడాలి.

ఆ చెవులు పుట్టింట్లో తయారయ్యాయి. తండ్రికి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. వీధి వైపు కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. సాయంత్రమయ్యేసరికి ఆ రోజు బాగుపడిన రేడియోలన్నిటినీ ఆయన ఒకేసారి మోగించి పరీక్షించేవాడు. సరిగ్గా ఆ వేళకు ఇంగ్లీషు పాఠం వచ్చేది. అన్ని రేడియోల్లోంచీ ఒకటే ఆడగొంతు. ముందు మన మాటల్లో విషయం చెప్పి, తర్వాత ఇంగ్లీషులో ఒక్కో వాక్యం పలికి, వినేవాళ్ళు పలకడానికి కాసేపు ఆగేది. ఆ ఆగిన చోట తండ్రీ, కూతురూ, రేడియో పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళూ అందరూ కలిసి పలికేవాళ్ళు. అప్పుడు ఆ గొంతు "గుడ్" అనేది. వినకుండానే మెచ్చుకునే టీచరు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

పెద్దయి రేడియో ఆఫీసులో చేరాక, లిఫ్టులు బాగుచేసే ఒకతన్ని ఇష్టపడింది. ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపల ఇరుక్కున్నది ఈవిడ, పైనుంచి తలుపు తీసింది అతను. కొన్నాళ్ళయ్యాక "మా అమ్మను చూద్దువు గాని, రా" అని ఇంటికి తీసుకెళ్ళాడు. తలుపు తీసినావిడ, "రా అమ్మాయ్, గుమ్మంలో నిలబడ్డావేం" అంది. చెవులమ్మ కాళ్ళు గుమ్మంలోనే అతుక్కుపోయాయి. అది ఆ గొంతు. తండ్రి కొట్టులో అన్ని పెట్టెల్లోంచి వచ్చిన గొంతు ఇప్పుడు ఒక్క మనిషి నోట్లోంచి వస్తోంది.

తిరిగి వస్తూ దారిలో అతన్ని నిలదీసింది. "రేడియోలో పాఠాలు చెప్పేది మీ అమ్మగారని ముందే ఎందుకు చెప్పలేదు?"

"అందులో చెప్పడానికేముంది? అమ్మ ఇంట్లో కూడా అలాగే మాట్లాడుతుంది" అన్నాడతను.

నిజంగానే అలాగే మాట్లాడేది. పెళ్ళయ్యాక చెవులమ్మకు తెలిసిందేమిటంటే, ఆ టీచరు వినకపోతేనే మెచ్చుకుంటుంది, వింటే మెచ్చుకోదు. ఇంగ్లీషులో మంగళవారాన్ని చెవులమ్మ 'చూస్‌డే' అనేది. కొట్టుకొచ్చేవాళ్ళు అలాగే అనేవాళ్ళు, ఆఫీసులో వాళ్ళూ అలాగే అనేవాళ్ళు. అత్తగారు మాత్రం ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు. "ట్యూస్‌డే. ముందు ట, దాని వెనకాల య. రెంటినీ కలిపి నమిలి మింగకు, అమ్మాయ్." పురుటినొప్పుల్లో ఆస్పత్రి మంచం మీదుండి "డాక్టరు చూస్‌డే అన్నాడు కదా, ఇప్పుడే వచ్చేస్తున్నాయేంటి" అని కోడలు మూలిగితే, ఒక చేత్తో నుదురు తుడుస్తూ "ట్యూస్‌డే" అని దిద్దిన మనిషి ఆవిడ. ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కయిన మొగుడు ఆ రోజును 'సోమవారం మర్నాడు' అనడం అలవాటు చేసుకున్నాడు.

ఒకసారి చెవులమ్మ ఎదురు చెప్పింది. "అందరూ ఇలాగే అంటున్నారు కదా అత్తయ్యా."

"పదిమంది చేస్తే తప్పు ఒప్పవుతుందా? మాట పలికే తీరు కొలబద్ద లాంటిది. అదే సాగిపోతుంటే ఇక గుడ్డనేం కొలుస్తావు? నేను మొదలుపెట్టిన రోజు ఎలా పలికానో ఇవాళా అలాగే పలుకుతున్నాను."

ఆ మాట గుర్తుంచుకోండి. ఆవిడ తన పాఠం తాను ఏనాడూ వినలేదు. పాఠం వచ్చే వేళకు ఇంట్లో రేడియో కట్టేసేది. తన గొంతు తాను విని మురిసిపోవడం సిగ్గులేని పని అనేది.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. మాటపెట్టె కోసి తీసేయడం తప్ప దారి లేదన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. చేతికి పలక వచ్చింది. ఆవిడ పలక మీద నాలుగు మాటలు రాసేలోపు భోజనాల బల్ల దగ్గర సంగతి ఇంకెక్కడికో వెళ్ళిపోయేది. రాసింది తుడిచేసి ఊరుకునేది. రానురాను కంచం తన గదికి తెప్పించుకోవడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఊరందరి చేతా మాట పలికించిన మనిషి అలా గోడవైపు తిరిగి కూర్చునేది.

ఆస్పత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. "పాత రికార్డింగులుంటే వాటిలోంచి ఆవిడ గొంతును కంప్యూటరులో తయారుచేయొచ్చు. ట్యాబులో ఏది టైపు చేస్తే అది ఆవిడ గొంతుతోనే పలుకుతుంది. కాకపోతే అన్నీ ఒక్క కాలంలోవి అయ్యుండాలి. పడుచుతనం నాటివీ పెద్దయ్యాకవీ కలిపేస్తే ఎవరిదీ కాని గొంతొస్తుంది."

"ఏ ఏటి గొంతు కావాలి, అత్తయ్యా?" అని అడిగింది చెవులమ్మ. అత్తగారు చాలా రోజుల తర్వాత హుషారుగా పలక అందుకుంది. 'మొదటి ఏడాది పాఠాలు. నా ఇంగ్లీషు నికార్సుగా ఉన్న రోజులు' అని రాసి, 'నికార్సుగా' కింద గీత కూడా గీసింది.

ఆ టేపులు నేలమాళిగలోనే ఉన్నాయి. పాత టేపు గాలిలో తేమ తాగి జిగురెక్కిపోతుంది. అలాగే తిప్పితే పూత ఊడి, పూతతోపాటు మాట కూడా రాలిపోతుంది. అందుకని గోరువెచ్చని పెట్టెలో ఉంచి ఆరబెట్టి, చల్లారాక తిప్పుతారు. చెవులమ్మ వాటిని పసిబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకుంది. తర్వాత తన అలవాటు ప్రకారం ముందు మురికి తుడిచింది. పాత టేపులన్నిటిలో మాటల అడుగున కరెంటు తీగల గుయ్‌మనే మోత సన్నగా ఉంటుంది. దాన్ని తీసేస్తే గొంతు కడిగిన గాజులా తేలుతుంది. పని నేర్పిన పెద్దాయన, ముందు వేగం సరిచూసుకుని ఆ తర్వాతే మురికి తియ్యాలనేవాడు. ఆయనకైతే ఆ కొలత కావాలి, చెవులమ్మకు చెవులుండగా కొలతలెందుకు?

మురికి తీశాక విన్నది. విని మొహం చిట్లించింది. గొంతు సన్నగా, పైకి, గబగబా పరుగెడుతోంది. 'మ్యాన్' అనాల్సింది దాదాపు 'మెన్'లా వస్తోంది. 'ఆఫ్' అనాల్సిన చోట 'ఓఫ్' అంటోంది. 'వెరీ'లో 'ర' నాలుక కొసతో ఒక్క దెబ్బ కొట్టి పారిపోతోంది. ఇదేం ఇంగ్లీషు? ఇలా ఎవరు మాట్లాడతారు? అప్పటి మిషను నెమ్మదిగా తిరిగి ఉంటుంది, అందుకే ఇప్పుడు టేపు తొందరపడుతోంది అని తేల్చేసింది. వేగం మారితే అక్షరాల రంగు కూడా మారుతుందని ఆవిడకు తెలుసు. వేగాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయి, చిన్నప్పుడు తండ్రి కొట్టులో విన్న గొంతుకు దగ్గరగా వచ్చిందనిపించిన చోట ఆపింది. వాటినే డాక్టరమ్మకు పంపింది.

గొంతు తయారై వచ్చింది. అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి 'అందరూ బాగున్నారా' అని టైపు చేసింది. ట్యాబు పలికింది. ఆవిడ మొహంలో వెలుగు అక్కడికక్కడే ఆరిపోయింది. ట్యాబును బోర్లించి, పలక మీద 'నేను కాదు' అని రాసింది.

"మన గొంతు మనకు కొత్తగానే ఉంటుంది అత్తయ్యా, ఎవరికైనా అంతే" అంది చెవులమ్మ. అత్తగారు ఆ రెండు మాటల్నే మళ్ళీ చూపించింది.

గది బయటికొచ్చాక మొగుడు నెమ్మదిగా అన్నాడు. "అమ్మ కాదంటే కాదేమో."

"మీకేం తెలుసు? నేను విని చేశాను."

"చెవులు నీవే, కాదనను. గొంతు ఆవిడది కదా."

ఆ మాట సూదిలా దిగింది. కానీ చెవులమ్మ ఒప్పుకోలేదు, ముసలితనపు మొండితనం అనుకుంది. ఆ తర్వాత అత్తగారు పలక కూడా ముట్టుకోవడం మానేసింది. ట్యాబు అలమారలోకి పోయింది. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. ఒకరోజు చెవులమ్మ వంటింట్లోంచి, అత్తగారి గది దాకా వినపడేలా, "చూస్‌డే ఆస్పత్రికెళ్ళాలి, చూస్‌డే" అంది, కావాలనే. చెవులు రిక్కించి నిలబడింది. పలకను మంచం పట్టె మీద కొట్టిన చప్పుడైనా వస్తుందని ఆశపడింది. రాలేదు. అత్త తప్పు దిద్దలేదని ఏడ్చిన కోడలు లోకంలో ఈవిడొక్కతే అయ్యుంటుంది.

మర్నాడు నేలమాళిగకు వెళ్ళి మొదటి టేపును మళ్ళీ ఎక్కించింది. ఈసారి ఏదీ తుడవలేదు. తాను తగ్గించిన వేగంతోనే తిప్పింది. గొంతు అడుగున గుయ్‌మనే మోత ఉంది. గదిలో, బల్ల కింద ఉన్న పాత యాంప్లిఫయరు కూడా గుయ్‌మంటోంది. రెండూ కలవడం లేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ గాలి ఊగుతోంది. చెవులమ్మ చెయ్యి వేగం మార్చే మీట మీదికి వెళ్ళింది. వేగం కొంచెం పెంచింది, ఊగడం తగ్గింది. ఇంకొంచెం పెంచింది. టేపు అసలు వేగానికి వచ్చేసరికి రెండు మోతలూ ఒకటైపోయి, ఊపు పూర్తిగా ఆగిపోయింది.

తీగల్లో కరెంటు ఆనాడు ఎంత వేగంగా వణికిందో ఈనాడూ అంతే వేగంగా వణుకుతోంది. అంటే మిషను తప్పు తిరగలేదు, టేపు తొందరపడలేదు. ఆ సన్నటి గొంతూ, ఆ పరుగూ, ఆ 'ఓఫ్', ఆ 'మెన్', అన్నీ నిజం. ఆనాడు ఇంగ్లీషును అలాగే పలికేవాళ్ళు. అది తన చెవికి నప్పకపోతే తప్పు మిషనుది అనుకుని, సాక్ష్యం చెప్పబోయిన ఒక్క మోతనూ మురికని తుడిచి పారేసింది తనే. ముందు సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు, దాని వెనకే ఒళ్ళు జలదరించే ఆశ్చర్యం వచ్చింది. కొలబద్ద అనుకున్నది ఎంత దూరం నడిచి వచ్చింది!

మరుసటి రోజు అత్తగారిని బతిమాలి బయల్దేరదీసింది. మొగుడు దగ్గరుండి లిఫ్టులో కిందికి దింపాడు. చెవులమ్మ ఆవిడను మిషను ముందు కూర్చోబెట్టింది.

"తప్పు నాదే అత్తయ్యా. మీ గొంతును నేను సాగదీశాను. ఇదిగో, ఇది అసలుది" అని టేపు తిప్పింది.

పడుచు గొంతు గబగబా పాఠం మొదలుపెట్టింది. అత్తగారు ముందుకు వంగింది. కనుబొమలు దగ్గరపడ్డాయి. పలక అందుకుని, 'ఎవరీ పిల్ల?' అని రాసింది.

సాగదీసినదీ కాదు, అసలుదీ కాదు, ఇంకేం మిగిలింది? ఏం చెయ్యాలో తోచక చెవులమ్మ తర్వాతి ఏడాది టేపు ఎక్కించింది. తర్వాత ఆ పై ఏడాదిది. ఆరబెట్టి ఉంచిన టేపులన్నీ వరసగా తిప్పుతూ పోయింది. ఆ గదిలో ఆ పూట జరిగింది మాటల్లో పెట్టడం కష్టమే గాని, ప్రయత్నిస్తాను. చెట్టు పెరగడాన్ని కూర్చుని చూడగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళు చూశారు, చెవులతో. గొంతు మెల్లగా కిందికి దిగింది, నడక నెమ్మదించింది. 'ఓఫ్' ఎప్పుడో 'ఆఫ్' అయింది, ఎప్పుడయిందో పట్టుకోలేకపోయారు. 'మెన్' నోరు తెరుచుకుని 'మ్యాన్' అయింది. ఏ రెండు టేపులు పక్కపక్కన పెట్టినా తేడా కనిపించదు, మొదటిదీ ఇదీ పెడితే ఇద్దరు మనుషులు.

మధ్యలో ఒక టేపులో దొరసాని వచ్చింది. అత్తగారికి ఉచ్చారణ నేర్పిన ఇంగ్లీషావిడ ఆమె. మొదటి ఏడాది ఒక పాఠంలో ఇద్దరూ మాట్లాడుకున్నారు, చాలా ఏళ్ళ తర్వాత ఆమె చుట్టపుచూపుగా వచ్చినప్పుడు మళ్ళీ మాట్లాడుకున్నారు. చెవులమ్మ ఆ రెండు టేపులూ ఒకదాని తర్వాత ఒకటి వేసింది. దొరసాని కూడా మారిపోయింది. 'విచ్' అనేటప్పుడు ముందు గాలి ఊది 'హ్విచ్' అన్న మనిషి, రెండోసారి వచ్చేసరికి ఆ గాలిని ఎక్కడో పారేసుకుంది. అత్తగారు చెయ్యెత్తి ఆపమంది. పలక మీద చాలాసేపు రాసింది.

'ఆవిణ్ణి చూసి నన్ను కొలుచుకున్నాను. ఆవిడే నడిచి వెళ్ళిపోయింది.'

"మనకు చెప్పకుండా వెళ్ళిపోయింది అత్తయ్యా" అంది చెవులమ్మ.

ఆఖరి టేపు మిగిలింది. అత్తగారు రేడియో మానేసే ముందు చెప్పిన పాఠాలవి. వారంలో రోజుల గురించి పాఠం. మొదటి మాటకే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, అది తమ ఇంట్లో గొంతు, బల్ల దగ్గర, వంటింటి గుమ్మంలో వినబడిన గొంతు. మండే, అంది ఆ గొంతు. కాసేపు ఆగింది. తర్వాత, ఏ తడబాటూ లేకుండా, ఊరందరూ వినేలా, 'చూస్‌డే' అంది.

చెవులమ్మ చెయ్యి తనంతట తానే మిషను ఆపేసింది. ఎన్నేళ్ళ బాకీ తీర్చుకోవచ్చో చూడండి. ఇంకో కోడలైతే పకపకా నవ్వేది. ఈవిడకు నవ్వు రాలేదు. చెవిలో జోరీగలా తనను దిద్దిన అన్నేళ్ళూ, అత్తగారు తన మాట వింటూనే ఉంది. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారంటారు, వీళ్ళది ఒక జీవితకాలపు సహవాసం. ఎవరు ఎవరిని దిద్దారు?

అత్తగారు వేలితో గాలిలో సున్నా చుట్టింది, మళ్ళీ తిప్పమని. చెవులమ్మ తిప్పింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ తిప్పింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. పలక మీద ముందు 'ఇది నీది' అని రాసింది. కాసేపు దాన్నే చూసి, కింద 'ఇదే నాకు పెట్టు' అని రాసింది.

కొత్త గొంతు ఇంటికొచ్చిన రోజు చెవులమ్మ వంటింట్లో పొయ్యి తుడుస్తోంది. ట్యాబు అత్తగారి గదిలో పెట్టి, నేర్చుకోవడానికి తీరిక ఇద్దామని వచ్చేసింది. నీళ్ళ చప్పుడులో, ఏదో ఆలోచనలో ఉంది.

"అమ్మాయ్, టీ చల్లారిపోయింది."

"వస్తున్నా అత్తయ్యా" అని, తడిచేతులు తుడుచుకుంటూ నడవలోకి వచ్చింది. సగం దూరం నడిచాక గాని తాను ఎవరికి జవాబు చెప్పిందో ఆవిడకు తట్టలేదు. మెట్ల మీద అడుగుల్ని బట్టి మనుషుల్ని పోల్చే చెవులవి, ఈ పిలుపులో తేడా ఏదీ పట్టలేదు. గుమ్మంలోకి వెళ్ళేసరికి అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, ఇంకో వాక్యం టైపు చేస్తోంది. అందులో మంగళవారాన్ని ఇంగ్లీషులో, స్పెల్లింగు తప్పు లేకుండా, పెద్దక్షరంతో మొదలుపెట్టి మరీ రాసింది. ట్యాబు పలికింది.

"చూస్‌డే నాడు ఆ డాక్టరమ్మకు థాంక్స్ చెప్పాలి, గుర్తుచెయ్."

చెవులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ట్యూస్‌డే, అత్తయ్యా" అంది. "ముందు ట, దాని వెనకాల య."